చార్మినారు ముత్యము – చీకటి కడలిలోని ఛాయాచిత్రము

హైదరాబాదు నగరము సముద్రమునకు చాల దూరమున నున్నది. మచిలీపట్టణపు రేవునుండి ఇచ్చటికి మున్నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము. సముద్రపు గాలి ఈ నగరమును తాకదు. ఆటుపోటుల చప్పుడు ఇచ్చటివారి చెవిని పడదు. అయినను కడలి అడుగున నుండు ఒక చిన్న జీవి చేసిన పనిని నమ్ముకొని, తరతరములుగ ఇన్ని కుటుంబములు జీవించిన నగరము మన దేశమున మరియొకటి కనుగొనుట కష్టము. చార్మినారునుండి ఉత్తరముగ గుల్జారు హౌజు దాటి, చార్ కమాను వాకిళ్లను చూచుచు, పత్థరుగట్టి రాతి కట్టడముల వెంట మూసీనది వైపు నడచినచో, ఇరువైపుల ముత్యపు దుకాణములు కానవచ్చును. తెల్లనివి, పాలమీగడ వన్నెవి, లేత గులాబి ఛాయవి, నల్లనివి, జొన్నగింజవంటివి, రేగుపండువంటివి సరములు సరములుగ వ్రేలాడుచుండును.

ఆ సరములను చేతబట్టిన ప్రతివారు అడుగు మొదటి ప్రశ్న ఒక్కటే: ‘ఇది అసలైనదేనా?’ ఈ చిన్న ప్రశ్నకు వెనుక పెద్ద చరిత్ర కలదు. ఇరువదవ శతాబ్ది మొదటి భాగమున ఈ ప్రశ్న పారిసు, లండను నగరముల న్యాయస్థానములవరకు పోయినది. బస్రా ముత్యముల వర్తకమును కుదిపివేసినది. అప్పుడు సాక్ష్యము చెప్పినవారిలో ముఖ్యుడు వర్తకుడు కాడు, రత్నపరీక్షకుడు కాడు. సముద్రములోనికి దిగి, చీకటిలో దీపములు వెలిగించి, నీటి అడుగున ఛాయాచిత్రములు తీయుటకు దారి చూపిన ఒక ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త. ఆతని పేరు లూయీ బూతాన్. పాతబస్తీ ముత్యమునకును, ఆ శాస్త్రవేత్త కెమేరాకును గల సంబంధమును శ్రోతలకు విన్నవించుట మా యుద్దేశము.

ముందుగా మన ముత్యపు చరిత్రను కొంత స్మరింతము. తెలుగుదేశపు రేవులలో ముత్యము క్రొత్త సరుకు కాదు. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనమున, విదేశవర్తకులకు రక్షణ నొసగుచు, ఏ సరుకునకు ఎంత సుంకమో నిర్ణయింపబడినది. ఆ సరుకుల పట్టికలో చందనము, కర్పూరము, పన్నీరు, దంతము మొదలగు వానితోపాటు ముత్యములును కలవు. ఏడు నూర్ల ఏండ్లకు పూర్వమే మన తీరమున ముత్యము సుంకము చెల్లించి దిగినదన్నమాట.

కుతుబుషాహీల కాలమున గోలకొండ వజ్రములకు ప్రపంచ ప్రఖ్యాతి వచ్చినది. వజ్రములున్నచోటికి ముత్యములును వచ్చి చేరుట సహజము. 1591లో మహమ్మదు కులీ కుతుబుషా నిర్మించిన హైదరాబాదు నగరము ఈ రెంటికిని అంగడి అయినది. పదునేడవ శతాబ్ది మధ్యమున గోలకొండకు పలుమారులు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, 1676లో ప్రచురించిన తన యాత్రాగ్రంథమున వజ్రపు గనులతో పాటు బహ్రెయిను, మన్నారు ప్రాంతముల ముత్యపు వేటను గూర్చియు వ్రాసెను. భద్రాచలమున శ్రీ సీతారామ కల్యాణమునకు ప్రభుత్వము ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము తానీషా కాలమున మొదలైనదని సంప్రదాయము చెప్పుచున్నది. రాజ్యములు మారినను, ప్రభుత్వములు మారినను ఆ ఆచారము మాత్రము నేటికిని సాగుచున్నది.

ఆసఫుజాహీల కాలమున ముత్యము హైదరాబాదు దర్బారు వేషమునకే గురుతైపోయినది. నిజాముల నగలలో ఏడు పేటల బస్రా ముత్యాల హారమైన ‘సత్లడా’ ప్రసిద్ధము. ఆ నగలలో 173 వస్తువులను భారత ప్రభుత్వము 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది. అవి 2001లోను, ఆ తరువాతను సాలారుజంగు మ్యూజియమున ప్రదర్శింపబడినపుడు, మూసీ ఒడ్డున జనము బారులు తీరి చూచిరి. గాజు పెట్టెల వెలుపలినుండి చూచువారికి ఆ ముత్యముల వెల కనుపించునే గాని, వాని వెనుక నున్న మనుష్యుల ఊపిరి కనుపింపదు.

బస్రా ముత్యము బస్రాలో పుట్టినది కాదు. బస్రా అంగడి పేరు మాత్రమే. ముత్యము పుట్టినది పారసీక సింధుశాఖలో, బహ్రెయిను, కువైటు, ఖతారు తీరముల చేరువ నున్న గుల్లదిబ్బలపై. ప్రతి వేసవిలో, సుమారు నాలుగు మాసములు, వేలకొలది జనులు పడవలలో సముద్రమునకు పోయెడివారు. ముక్కునకు చిన్న బిగింపు, వ్రేళ్లకు తోలు తొడుగులు, కాలికి బరువైన రాయి. ఇదియే మునుగువాని సాధనసామగ్రి. ఒకటి ఒకటిన్నర నిమిషము ఊపిరి బిగబట్టి, అందిన గుల్లలను బుట్టలో వేసికొని, త్రాడు లాగి సంజ్ఞ చేసినచో పైవాడు ఆతనిని పైకి లాగును. దినమునకు ఎన్నిమార్లో ఇట్లు మునుగవలెను. వేల గుల్లలు తెరచినను మంచి ముత్యము దొరకునను నమ్మకము లేదు. మునుగువాడు ముందుగనే పడవ యజమాని వద్ద అప్పు తీసికొని యుండును. ఋతువు ముగిసినను అప్పు తీరదు. 1920ల సంస్కరణలకు పూర్వము ఆ అప్పు తండ్రినుండి కుమారునికి కూడ సంక్రమించెడిది.

ఆ ముత్యములు బొంబాయి మీదుగ హైదరాబాదు చేరెడివి. ఇచ్చట ఆ ముత్యమునకు మరల జన్మము. చిల్లుల జల్లెడలతో పరిమాణమును బట్టి వేరుచేయుట, తెల్లని గుడ్డపై పరచి వన్నెను బట్టి జతకూర్చుట, విల్లువంటి కమానుతో బర్మాను త్రిప్పి బెజ్జము వేయుట, పట్టుదారమున గుచ్చుట – ఇవన్నియు వేరువేరు చేతుల పనులు. బెజ్జము వేయుట ముఖ్యమైనది. వెండ్రుకవాసి ప్రక్కకు పోయినచో ముత్యము పగులును, లేక సరములో వంకరగ నిలుచును. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరమును ముంచివేసిన తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పూనికతో పత్థరుగట్టి రాతి కమానుల వరుస లేచినది. ముత్యపు వర్తకులకు అది తగిన నెలవైనది.

ఇక ముత్యము పుట్టుక సంగతి. స్వాతికార్తె చినుకు ముత్యపుచిప్పలో పడినచో ముత్యమగునని మన పెద్దలు చెప్పుదురు. చిత్రమేమనగా, ఇది మన దేశమునకే పరిమితమైన నమ్మకము కాదు. రెండు వేల ఏండ్ల నాటి రోమను పండితుడు ప్లినీ ఆకాశపు మంచుబిందువు గుల్లలో చేరి ముత్యమగునని వ్రాసెను. అరబ్బులును వానచినుకు కథనే చెప్పికొనెడివారు. గోలకొండ చూచిన టావెర్నియే మాత్రము ఈ మాటను ఒప్పుకొనలేదు. గుల్లలు నీటి అడుగున అంత లోతున నుండగా అచ్చటికి మంచు ఎట్లు దిగునని ఆతడు ప్రశ్నించెను. వర్తకుని బుద్ధికి తోచిన సూటియైన ప్రశ్న అది.

సమాధానము కంటికి కనుపించునంతటి వస్తువులో లేదు. సూక్ష్మదర్శిని క్రింద దొరకినది. 1852లో ఇటలీదేశమున ఫిలిప్పో ద ఫిలిప్పీ మంచినీటి గుల్లలలోని ముత్యములను కోసి చూచి, నడుమ ఒక చిన్న పరాన్నజీవి అవశేషమును కనుగొనెను. 1850ల చివర సింహళమున కెలార్టు అను వైద్యుడు మన్నారు ఆలిచిప్పలలోను అట్టి పురుగులకు ముత్యములతో సంబంధమున్నదని చెప్పెను. ఇసుకరేణువు చుట్టు ముత్యము పెరుగునని లోకమున ఒక మాట వ్యాపించినది గాని, అది చాలవరకు కథయే. గుల్లలోపలి మెత్తని దేహమును కప్పియుండు పలుచని పొర కలదు; దానిని ప్రావారమందురు. గుల్లకు లోపలివైపు మెరుగు పూయునది ఆ పొరయే. ఏదేని పురుగు తొలిచినందువలననో, గాయమువలననో ఆ పొరలోని కొన్ని కణములు లోపలికి పోయి చేరినచో, అవి చిన్న సంచివలె ఏర్పడి, తమకు తెలిసిన పనినే అచ్చటను చేయుచుండును. మిల్లీమీటరులో వేయింట ఒక వంతైనను మందము లేని సున్నపు పలకలు ఒకదానిపై నొకటి పేర్చుకొని పోవును. ఆ పలకలమీద పడిన వెలుగు చెదరి, కలసి, తిరిగి వచ్చునపుడు కలుగు కాంతియే ముత్యపు మెరుగు. ఒక ప్రాణి తన గాయమును మాన్పుకొనిన గురుతును మనము మెడలో ధరించుచున్నాము.

ఇట్లు ముత్యమును అర్థము చేసికొనవలెనన్న, ఆ ప్రాణిని అది నివసించుచోటనే చూడవలెను. చనిపోయిన గుల్లను బల్లమీద కోసి చూచుట ఒకటి. కడలి అడుగున సజీవముగ నున్నదానిని చూచుట మరియొకటి. ఈ రెండవ పనికి ఛాయాచిత్రకళ అవసరమైనది.

ఆ కాలమున హైదరాబాదులోనే ఛాయాచిత్రకళ ఉచ్చస్థితిలో నుండెను. ఆరవ నిజాము మీర్ మహబూబు అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళు సికిందరాబాదులోను, బొంబాయిలోను చిత్రశాలలు నడపెను. 1892లో ఘోషాస్త్రీల కొఱకు హైదరాబాదున ప్రత్యేకముగ ఒక చిత్రశాలను తెరచెను. ఆతని పలకలమీద పాయగాలు, జాగీరుదారులు ముత్యాల సరములతో నిలిచియున్నారు. మెడలోని ముత్యము వెలుగులో చిత్రమునకు లొంగినది. కాని అది పుట్టిన చోటు అప్పటికి ఇంకను చీకటియే. 1856లో విలియం థామ్సను అను ఇంగ్లీషువాడు వేమతు అఖాతమున ఒక పెట్టెలో కెమేరా నుంచి నీటిలోనికి వదలి ఒక చిత్రము తీసెను. పెట్టెలోనికి నీరు దూరెను. వచ్చిన చిత్రము మసక. ఆ ప్రయత్నము అంతటితో ఆగిపోయినది.

దీనదయాళు హైదరాబాదు ప్రభువుల చిత్రములు తీయుచున్న ఆ దినములలోనే, 1893లో, ఫ్రాన్సు దక్షిణతీరమున బాన్యూల్ అను చిన్న రేవులో లూయీ బూతాన్ సముద్రములోనికి దిగెను. ఆతడు 1859లో జన్మించినవాడు, వృత్తిచే జంతుశాస్త్రజ్ఞుడు, బాన్యూల్ లోని అరాగో సముద్రజీవ ప్రయోగశాలలో పనిచేయుచుండెను. నత్తలు, గుల్లలు, వాని పిల్లల పెరుగుదల ఆతని అభిమాన విషయములు. ఇత్తడి శిరస్త్రాణము, బరువైన దుస్తులు ధరించి నీటిలోనికి దిగినపుడు చూచిన వింతలను పైనున్నవారికి మాటలతో చెప్పుట సాధ్యము కాలేదు. వానిని చిత్రములుగ పైకి తేవలెనను కోరిక అట్లు కలిగినది.

ఆతని తమ్ముడో అన్నయో అనుటకన్న సోదరుడని చెప్పుదము. ఇంజనీరైన ఆ సోదరుడు ఒగూస్తు నీరు చొరబడని కెమేరా పెట్టెను రూపొందించెను. ప్రయోగశాలలోని పనివారు దానిని దించి నిలుపుటకు తోడ్పడిరి. అసలు చిక్కు వెలుగుతో వచ్చినది. నీరు వెలుగును మ్రింగివేయును. ఎఱ్ఱ వన్నె మొదట పోవును, పిదప పసుపు; తుదకు నీలము మాత్రము మిగులును. ఆనాటి పలకలు మందములు. సూర్యకాంతితో తీసిన చిత్రమునకు ఒక్కొక్కప్పుడు ముప్పది నిమిషములవరకు కెమేరా తెరచి యుంచవలసి వచ్చెను. ముప్పది నిమిషములు కదలక యుండు చేప ఏదియు లేదు గదా! రాళ్లు, నాచు, అంటుకొని యుండు గుల్లలు చిత్రమున నిలిచినవి. తిరుగాడు ప్రాణులు నీడలై కరిగిపోయినవి.

అందుచేత బూతాన్ కృత్రిమమైన వెలుగును వెదకెను. షోఫూరు అను విద్యుత్పని తెలిసినవాడు, ప్రాణవాయువు నింపిన గాజుబుడ్డిలో మెగ్నీషియము తీగను మండించు ఉపాయము చెప్పెను. నేటి కెమేరాల తళుకుదీపమునకు అది పూర్వరూపము. కాని బుడ్డి ఒక్కొక్కప్పుడు ప్రేలిపోయెడిది. వెలుగు సమముగ నుండెడిది కాదు. పిమ్మట ప్రాణవాయువు నిండిన పెద్ద పీపాపై సారాదీపము నమర్చి, రబ్బరు బుడ్డిని నొక్కినపుడు మెగ్నీషియము పొడి మంటపై పడి భగ్గుమనునట్లు ఏర్పాటుచేసిరి. 1899లో ఆతడు మరియొక మెట్టు ఎక్కెను. నీరు చొరని పెట్టెలలో విద్యుత్తుచే వెలుగు ఆర్కు దీపముల నుంచి, పడవలోని బ్యాటరీలనుండి తీగలు దింపి, విద్యుత్తుచేతనే కెమేరా కన్ను తెరపించి, రాత్రివేళ సముద్రగర్భమున చిత్రములు తీసెను. ఏబది మీటర్ల లోతునకు దింపిన కెమేరాయును చిత్రమును తెచ్చెను. 1900లో ఈ ప్రయత్నముల నన్నిటిని ఒక గ్రంథముగ ప్రచురించెను.

ఇంత శ్రమ చేసి ఆ చిత్రములలో ఆతడు పట్టినదేమి? నిధులు కావు, మునిగిన ఓడలు కావు. రాళ్లనంటిన చిన్నచిన్న ప్రాణులు, నాచుల నడుమ తిరుగు బ్రదుకులు. చిన్నదానిని ఓపికతో చూచుట ఆతని స్వభావము. ఆ స్వభావమే ఆతనిని ముత్యమునొద్దకు చేర్చినది. సముద్రగర్భమున రాత్రిచిత్రములు తీయుటకు ముందటి యేటనే, 1898లో, చెవి ఆకారముగల ఒక జాతి గుల్లలో ముత్యపుచిప్ప తునకల నుంచి, వానిపై ఆ ప్రాణిచేత మెరుగు పూయించి, మనుష్యుని యత్నముచే ముత్యమును పుట్టింపవచ్చునని ఫ్రెంచి శాస్త్రపరిషత్తునకు నివేదించెను.

ఇదే పని ప్రపంచమునకు ఆవలి కొనను జపానులో పెద్దయెత్తున సాగుచుండెను. 1893లో, అనగా బూతాన్ మొదటి చిత్రము తీసిన యేడుననే, మికిమోటో కోకిచి గుల్లకు అంటుకొనిన అర్ధముత్యమును పెంచి పొందెను. గుండ్రని ముత్యము పొందు ఉపాయమును మిసే తత్సుహేయి, నిషికావా టోకిచి అనువారు ఇరువదవ శతాబ్ది మొదటి దశకమున కనిపెట్టిరి. మంచినీటి గుల్లనుండి చెక్కిన చిన్న పూసను, మరియొక ఆలిచిప్పయొక్క ప్రావారపు తునకను కలిపి సజీవమైన ఆలిచిప్పలో నాటుదురు. ఆ తునక పూస చుట్టు సంచియై, దానిపై ముత్యపు పొరలు పూయును. పురుగు చేసిన పనిని మనుష్యుడు కత్తితో చేసినాడన్నమాట. దానిని మనము పెంపుడు ముత్యమని పిలుతము.

1921లో ఈ గుండ్రని పెంపుడు ముత్యములు లండను, పారిసు అంగళ్లలో కానవచ్చినపుడు గొప్ప కలకలము పుట్టెను. వర్తకులు వానిని నకిలీలనిరి, మోసమనిరి. వ్యవహారము న్యాయస్థానములకు ఎక్కెను. అప్పుడు శాస్త్రజ్ఞుల యభిప్రాయము కావలసి వచ్చినది. ఇంగ్లండున లిస్టరు జేమ్సను, ఫ్రాన్సున బూతాన్ ఆ ముత్యములను కోసి పరీక్షించిరి. బూతాన్ తేల్చిన దేమనగా – పైపొరలలో భేదము లేదు; రెంటిని పూసినది ఒకే ప్రాణి, ఒకే కణజాలము, ఒకే విధమున; నడుమ నున్న గర్భము మాత్రమే వేరు; కావున ఇది నకిలీ ముత్యము కాదు. 1925లో ముత్యమును గూర్చి ఆతడు వ్రాసిన పెద్ద గ్రంథమునకును ఇదియే సారము. ధనవంతులైన వర్తకులకు ఈ మాట రుచింపలేదు. అయినను పెంపుడు ముత్యమును, దాని పుట్టుక చెప్పి, ముత్యమను పేరనే అమ్మవచ్చునను మాట క్రమముగ నిలిచినది.

ఫలితము తీవ్రమైనది. మహాయుద్ధకాలమున ముత్యము వెల ఎంతటిదో చెప్పుటకు ఒక నిదర్శనము చాలును. 1917లో న్యూయార్కు నగరమున కార్టియే అను రత్నవర్తకుడు పది లక్షల డాలర్ల వెలకట్టిన రెండు పేటల ముత్యాల హారమును, దానిపై ఒక నూరు డాలర్లను ఇచ్చి, ఒక రాజభవనమువంటి మేడను పొందెను. అదే హారము 1957లో వేలమునకు వచ్చినపుడు సుమారు లక్షన్నర డాలర్లకే పోయినది. పెంపుడు ముత్యముల రాకయు, 1929 నాటి ఆర్థికమాంద్యమును కలిసి సింధుశాఖ ముత్యపు వేటను కూల్చివేసినవి. 1932లో బహ్రెయినులో నూనె బయల్పడినది. మునుగువారు నూనెబావులకు పోయిరి. శాస్త్రజ్ఞుని సత్యము కొందరి పొట్టకొట్టినది. కాని తరములుగ అప్పులకు కట్టుబడి ఊపిరి బిగబట్టిన బ్రదుకు కూడ ఆ పతనముతోనే తీరినది. చరిత్ర లాభనష్టములను వేరువేరు తట్టలలో ఉంచి ఇచ్చునది కాదు.

పైకి ఒకేవిధముగ నున్న రెండు ముత్యములను వేరుచేయుట ఎట్లు? ఇచ్చటను వెలుగే సహాయపడినది. 1920లలో పారిసున ఒక సన్నని బోలుసూది చేయబడినది. ముత్యపు బెజ్జములో దానిని దూర్చి, లోపల చిన్న అద్దముతో వెలుగును ప్రక్కకు త్రిప్పుదురు. సహజముత్యమున పొరలు ఉల్లిపొరలవలె కేంద్రమువరకు చుట్టుకొని యుండును గనుక వెలుగు చుట్టితిరిగి రెండవ అద్దమును చేరును. పెంపుడు ముత్యమున పూసలోని తిన్నని పొరలవెంట వెలుగు వెలుపలికి పోవును. అదే కాలమున ఎక్సు కిరణములతో ముత్యపు లోపలి అమరికను చిత్రించు పద్ధతియు వచ్చినది. ఆ పలకమీద సహజముత్యము ఆరు చుక్కల గురుతును, పెంపుడు ముత్యము సాధారణముగ నాలుగు చుక్కల గురుతును వేయును. ముత్యమును గూర్చి కడపటి మాట చెప్పునది ఛాయాచిత్రమే అయినది. నేటి పరీక్షాశాలలు ఎక్సు కిరణములతోనే, ఇంకను సూక్ష్మమైన విధానములచే, ముత్యమును కోయకయే పొరపొరగ చూచుచున్నవి.

ఈ తుపానులో పాతబస్తీ ఎట్లు నిలిచినది? సింధుశాఖ రేవులు పాడుపడినపుడు, అచ్చటి సరుకునే నమ్మిన పత్థరుగట్టియు పాడుపడవలసినది. అట్లు జరుగలేదు. ఏలయనగా, హైదరాబాదు సంపద ముత్యపు పుట్టుకలో లేదు, ముత్యముపై చేయు పనిలో నున్నది. బస్రా సరుకు తగ్గినపుడు జపాను సరుకు వచ్చెను. పిమ్మట చీనా మంచినీటి గుల్లలలో, పూస లేకయే ప్రావారపు తునకతో పెంచిన ముత్యములు రాశులుగ వచ్చి పడెను. ముత్యము ఏ సముద్రమునందు, ఏ చెరువునందు పుట్టినను, దానిని వేరుచేయు కన్ను, బెజ్జము వేయు చేయి, జతకూర్చు నేర్పు ఇచ్చటివి. అందుచేతనే ఈ ఊరిలో ఒక్క ముత్యమైనను పుట్టకున్నను ‘హైదరాబాదు ముత్యము’ అను పేరు చెల్లుచున్నది. దర్బారు పోయినను, పెండ్లిళ్లు పోలేదు. పెండ్లి యున్నంతవరకు ముత్యాల సరమునకు కొనువారుందురు.

అయితే మొదటి ప్రశ్న అట్లే యున్నది. అంగడిలో ముత్యమును చాకుతో గీకి చూపుటయు, మంటకు పట్టి చూపుటయు, పంటితో రాచి చూడుమనుటయు మనము ఎరుగుదుము. గీకినపుడు పొడి రాలి, తుడువగనే మెరుగు మరల కనిపించినచో మెచ్చుకొందుము. ఈ పరీక్ష గాజుపూసనుండి, పూత పూసిన నకిలీనుండి ముత్యమును వేరుచేయును, అంతవరకే. సహజముత్యమునుండి పెంపుడు ముత్యమును ఇది వేరుచేయజాలదు. రెంటి పైపొరయు ఒకటే గదా! నేడు అంగళ్లలో దొరకునది చాలవరకు పెంపుడు ముత్యమే. అది తప్పు కాదు, తక్కువయు కాదు. పెంపుడుదానిని పెంపుడుదని చెప్పి అమ్మిన వర్తకుడు నిజమే చెప్పినవాడగును. దానినే బస్రా ముత్యమని చెప్పినచో ముత్యము అసలైనదే, మాట నకిలీ. బూతాన్ సాక్ష్యములోని రెండు భాగములును మనము గుర్తుంచుకొనవలెను: ముత్యము నిజమైనదే, దాని పుట్టుకను దాచుట మాత్రము తగదు.

మన దేశమునను ఈ విద్య వేరూనినది. 1973లో తూత్తుకుడియందు కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు గుండ్రని ముత్యమును పెంచి చూపిరి. తరువాత ఆలిచిప్ప పిల్లలను తొట్లలో పొదిగించుటయు నేర్చిరి. ఆ పిల్లల కథ ముత్యముకన్న వింతైనది. గుడ్డునుండి వెలువడిన డింభకము మిల్లీమీటరులో పదవ వంతైనను ఉండదు. ఇరువది దినములకు పైబడి అది నీటిలో తేలుచు, నాచుకణములను తినుచు, కొట్టుకొనిపోవును. లక్షలలో ఏ కొన్నియో ఒక రాతినో మరియొక గుల్లనో అంటుకొని ఆలిచిప్పలగును. రాత్రివేళ లోతునుండి పైనీటికి ఎక్కివచ్చు ఇట్టి సూక్ష్మప్రాణుల సమూహము ప్రతి కడలిలోను కలదు. నేడు కొందరు ఛాయాచిత్రకారులు చీకటిపడిన పిమ్మట నడిసముద్రమున దీపములు వ్రేలాడదీసి, ఆ వెలుగులోనికి వచ్చు గోరంతకన్న చిన్న జీవులను, పీతపిల్లలను, గాజువంటి మేనుగల చేపపిల్లలను, రెక్కలవంటి పాదములుగల నత్తలను దగ్గరి కటకములతో పట్టుచున్నారు. బూతాన్ పీపాలు, తీగలు, పడవనిండ బ్యాటరీలతో చేసిన పనికి వారి చేతులలోని చిన్న కెమేరా చాలుచున్నది. ఆలిచిప్ప శిశువు మాత్రము ఇప్పటికిని ఆ కటకములకు చుక్కవలెనే యుండును. దాని రూపు చూడవలెనన్న సూక్ష్మదర్శినియే శరణ్యము.

చిన్నదానిని చూచుటకు పెద్ద ఓపిక కావలెను. గణపతిదేవుని సుంకపు అధికారి ముత్యమున వెలను చూచెను. టావెర్నియే వర్తకమును చూచెను. దీనదయాళు ప్రభువుల శోభను చూచెను. ఆ ముత్యమును కన్న ప్రాణిని చూచుటకు ఒకడు చీకటినీటిలోనికి దీపము దింపవలసి వచ్చినది. ఆ చూపు గలవాడగుటచేతనే, తన దేశపు పెద్ద వర్తకులకు నచ్చినను నచ్చకున్నను, చూచినదానిని చూచినట్లు చెప్పగలిగెను. పత్థరుగట్టిలో తెల్లగుడ్డపై ముత్యములను ఏరి జతకూర్చు పనివాని చూపునకును ఇదే ఓపిక కలదు. ఇకమీద ముత్యాల సరమును చేతబట్టినపుడు ‘అసలైనదేనా?’ అని అడుగుటతో నిలువక, ‘పుట్టినదా, పెంచినదా? ఏ నీటిది? ఎవరు బెజ్జము వేసిరి?’ అని కూడ అడుగుదము. ఈ ప్రశ్నలకు నిజమైన సమాధానము చెప్పు అంగడి యున్నంతకాలము, కడలి లేని ఈ నగరమునకు ముత్యాల పేరు తగియే యుండును.